సోమ్లా మోట గిరక కోసం నాలుగు ఊళ్లు

మూడు ఉత్తరాలు రాశాను. మొదటిది కార్డు, రెండోది కవరు, మూడోది రిజిస్టరు పోస్టు. ఒక్కదానికీ జవాబు లేదు. తాలూకా ఆఫీసులో ముప్పై రెండేళ్లు గుమస్తాగా చేసినవాణ్ని. ఏ కాగితం ఎక్కడ ఆగుతుందో, ఎవరి చేతి కింద ఆగుతుందో నాకు తెలుసు. నా ఉత్తరాలు ఆగలేదు. చదివి పక్కన పడేశారు.

సంగతి ఇది. తెలంగాణ కోసం ఊళ్లన్నీ రోడ్ల మీదికి వచ్చిన ఆ ఏడు, పాలకుర్తి పక్కనున్న మా ఊరి యువకులు కలిసి ఒక చిన్న పుస్తకం వేశారు. మన పండుగలు, మన ఆటలు మనమే రాసుకోవాలని వాళ్ల పట్టుదల. మంచి పనే. చిర్రగోనె ఆట గురించి రాశారు, బొడ్డెమ్మ పండుగ గురించి రాశారు, చెల్కల్లో, అంటే మెట్ట చేలల్లో, పరికిపండ్లు ఏరుకు తినడం గురించి రాశారు. హన్మకొండలో మా ఇంటి వరండాలో కూర్చొని చదువుతుంటే కళ్లు తడిశాయి. పద్దెనిమిదో పేజీ తిప్పాను. కాముని పున్నానికి, అంటే హోలీ పున్నమికి, పిల్లలు ఊరంతా తిరిగి కట్టెలు దొంగిలించేవాళ్లనీ, ఒకసారి పటేలు చిన్నకొడుకు నారాయణ సోమ్లా మోట గిరకనే మంటలో వేసి కాల్చాడనీ, అందుకు వాళ్ల నాయన చింతబరికెతో తోలు తీశాడనీ ఉంది. కింద "పెద్దలు చెప్పగా" అని రాసి, పక్కన పండ్లికిలిస్తున్న పిల్లవాడి బొమ్మ వేశారు.

ఆ నారాయణను నేనే. గిరక నేను వేయలేదు. ఈ మాట పదేళ్ల వయసులో చెప్పాను, ఎవరూ వినలేదు. యాభై ఎనిమిదేళ్లకు ఆ యువకులకు మూడు ఉత్తరాల్లో మళ్లీ చెబితే అచ్చు వేయలేదు.

ఆనాటి తీరు తెలియనివాళ్ల కోసం కొంత చెప్పాలి. పున్నమికి వారం ముందు నుంచే పిల్లలం కోలలు పట్టుకొని ఇంటింటి ముందు జాజిరి ఆడేవాళ్లం. ఇంటివాళ్లు చాటలో జొన్నలో మక్కలో పోసేవాళ్లు. పున్నమి నాడు కాముణ్ని కాల్చడానికి కట్టెలు కావాలి. అవి అడిగి తెచ్చుకునేవి కావు, ఎత్తుకొచ్చేవి. విరిగిన మంచం కోళ్లు, పాత తలుపు చెక్కలు, దొడ్డి కంప, పిడకలు. దొరికితే తిట్లు తప్పవు. కానీ ఒకసారి కుప్ప మీద పడినదాన్ని ఎవరూ తిరిగి అడగరాదు. అది కాముని సొత్తు, అడిగితే ఇంటికి కీడు అని నమ్మేవాళ్లు. అందుకు బదులుగా మేమూ ఒక కట్టుబాటు పాటించేవాళ్లం. పనిముట్టు ముట్టరాదు. నాగలి, గొర్రు, కాడి, మోట సామాను, వీటి జోలికి పోరాదు.

మోట ఇప్పటి పిల్లలు చూసి ఉండరు. బావి ఒడ్డున దూలాల మధ్య కొయ్య గిరక, దాని మీదుగా మోకు, మోకు చివర పెద్ద తోలు బొక్కెన. ఎడ్లు వాలు బాట మీద కిందికి నడిస్తే బొక్కెన పైకొచ్చి నీళ్లు కాలువలో పడేవి. గిరక లేకపోతే బావి నిండా నీళ్లున్నా పొలం ఎండిపోవలసిందే. మా ఊరి తండాలో ఉండే సోమ్లాకు అలాంటి బావి ఒకటి, దాని కింద రెండెకరాల చెల్క ఉండేవి. సోమ్లా కొడుకు బాలు, వడ్రంగం చేసే వడ్ల ఆయన కొడుకు సత్తయ్య, గొల్లవాళ్ల యాకయ్య, నేను, నలుగురం ఒక జట్టు. మేం ఈత నేర్చుకున్నది ఆ బావిలోనే. నడుముకు బెండ్ల కట్ట కట్టుకొని దూకేవాళ్లం. సోమ్లా తన భాషలో ఏదో పాడుతూ ఎడ్లను తోలేవాడు. బొక్కెన పైకి లేచినప్పుడల్లా చల్లటి జల్లు మా నెత్తిన పడేది. ఆ జల్లు మళ్లీ ఎక్కడా నా మీద పడలేదు.

ఆ పున్నమి సాయంత్రం కుప్ప కాపలా నాది. పక్క వాడ పిల్లలు మన కట్టెలు ఎత్తుకుపోకుండా ఒకరు కూర్చోవాలి. ఎల్లక్క, అంటే యాకయ్య అక్క, అన్నానికి పిలిస్తే సత్తయ్యను కూర్చోబెట్టి వెళ్లాను. తర్వాత నిప్పు పెట్టాం. తెల్లారి బూడిదలో గిరక ఇనుప కడ్డీ బయటపడింది. సోమ్లా వచ్చి దాని వైపు చూస్తూ నిలబడ్డాడు. అడగరాదు కదా, అడగలేదు. కంకి వేయబోతూ పొట్ట మీదున్న పొలం పది పన్నెండు రోజుల్లో ఎండిపోయింది. కాపలా నాది కాబట్టి తప్పు నాదన్నారు. బాపు నన్ను కొట్టి, నాలుగో రోజు హన్మకొండలో మేనమామ ఇంటికి పంపేశాడు. మళ్లీ ఊళ్లో కాపురం ఉన్నది లేదు. సెలవులకు చుట్టంలా వెళ్లి వచ్చేవాణ్ని, అంతే. నా చిన్నతనం ఎప్పుడు ముగిసిందో వారంతో సహా చెప్పగలను. సోమవారం.

అందుకని బయలుదేరాను. అది సమ్మె కాలం. ఆఫీసులు, బడులు, బస్సులు, బొగ్గు బావులు అన్నీ బంద్. ఇలాంటప్పుడు ప్రయాణమేమిటని ఇంట్లో కోప్పడ్డారు. అందరూ ఇళ్ల దగ్గర దొరికేది ఇప్పుడే అన్నాను.

జనగామ

ఆటోలో పదకొండు మందిమి, ఒక మేక. ఎప్పుడూ పదిహేను తీసుకునే చోట ముప్పై అడిగాడు. ఇదేమి అన్యాయమంటే, తెలంగాణ వచ్చినంక అగ్గువకు తీస్కపోత అన్నాడు. ఆటో అంతా నవ్వింది. మేక నా ఎడమ చెప్పు పట్టీ నమిలేసింది. దాని యజమానురాలు క్షమాపణ చెప్పకపోగా, చెప్పు కాళ్లకు తొడుక్కోవాలె గాని మేక ముందట పెడతరా అంది.

జనగామలో రోడ్డు పొడవునా సీతాఫలాల గంపలు. డజను ముప్పై రూపాయలు. నేను బేరమాడలేదు, ఊరికే చూస్తూ నిలబడ్డాను. మా చిన్నప్పుడు సీతాఫలాలు కొనే మనిషిని చూడలేదు. కండ్లు విచ్చిన కాయలు తెంపి, వడ్ల గుమ్మిలో దాచి, రోజూ చెయ్యి పెట్టి నొక్కి చూసేవాళ్లం. యాకయ్య ఓపిక పట్టలేక పచ్చివే మంటలో కాల్చుకు తినేవాడు. ఇవన్నీ అమ్మే ఆమెకు చెబితే, సారూ కొంటె కొను, లేకుంటె జర పక్కకు జరుగు, గిరాకి అడ్డం ఉన్నవు అంది. డజను కొన్నాను. హన్మకొండలో దుకాణాలవాళ్లు ఇంతకన్నా మర్యాదగా మాట్లాడతారు కానీ, అక్కడ ఎవరూ డజనుకు పద్నాలుగు ఇవ్వరు.

సత్తయ్యకు సూర్యాపేట రోడ్డులో కొయ్య దుకాణం. ఎనిమిదేళ్ల తర్వాత చూశాడు నన్ను. రంపం ఆపకుండానే పలకరించాడు.

"ఏందిరో పటేలా, కుర్సీ జేపిద్దామని వచ్చినవా, పాడె జేపిద్దామని వచ్చినవా?"

అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాను. వార్నిషు ఆరలేదని కూర్చున్నాక చెప్పాడు. కావాలనే చెప్పలేదని నా అనుమానం, అది ఇప్పటికీ పోలేదు. ప్యాంటు వెనక రెండు గోధుమరంగు వలయాలతో మిగతా ప్రయాణమంతా చేశాను.

పుస్తకం తీసి పద్దెనిమిదో పేజీ చూపించాను. కళ్లద్దాలు పెట్టుకొని చదివాడు. నిన్ను కాపలా పెట్టి పోయాను కదా, గిరక నువ్వే వేశావా అని నేరుగా అడిగాను. నలభై ఎనిమిదేళ్లుగా నా మనసులో నేరస్థుడు సత్తయ్యే. వాడి కూతురి పెళ్లికి కూడా ఈ కారణంతోనే పోలేదు.

వాడు కోపం తెచ్చుకోలేదు. అదే నన్ను కలవరపెట్టింది. నన్ను ఒక్కణ్ని కూర్చోబెట్టి పోయిన మాట నిజమే, కానీ కాసేపటికి నన్నూ లేపి అన్నానికి పంపారు అన్నాడు. ఎవరు పంపారని అడిగాను.

"నన్నడగకు. మా నాయిన మీ ఇంటి పని జేసి బతికిండు. గీ టేకు చెక్క జూడు, ఇదెవ్వరింటి తలుపులకనుకున్నవు? మీ ఇంటికే. నేను గూడ బతకాలె గదరా." పుస్తకం మూసి నా చేతికిచ్చాడు. "ఒక్కటి మాత్రం చెప్త. గిరక జేసుడు రెండొద్దుల పని. మా నాయినకు పన్నెండొద్దులు పట్టింది. మీ ఇంటికాడ కొత్త బండి పని బెట్టి కదలనియ్యలే. సోమ్లా పొద్దూకంగ వచ్చి మా అరుగు మీద కూసొని పోయేటోడు. మానుకోటల ఎల్లక్క ఉన్నది, పొయ్యి ఆమెనడుగు. ఆమెకు ఎవ్వలకు భయపడేటి పని లేదు."

సీతాఫలాలు సగం వాడికిచ్చాను. పెళ్లికి రానందుకు ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

పాలకుర్తి దారిలో

జనగామ నుంచి మానుకోటకు పోయేవాడు పాలకుర్తి దాటకుండా పోలేడు. దాటేటప్పుడు ఎడమవైపు మా ఊరి బాట కనిపిస్తుంది. ఆటో అక్కడ ఒకామెను దించడానికి ఆగింది. పత్తి చేలు తెల్లబడుతున్నాయి. మా కాలంలో అక్కడ జొన్న ఉండేది, మంచె మీద కూర్చొని ఒడిసెలతో పిట్టలు కొట్టేవాళ్లం. పచ్చి కంకి కాల్చి అరచేతిలో నలిపి ఊదితే వచ్చే వాసన కోసం ఆటోలోంచి ముక్కు బయట పెట్టాను. పురుగుమందు వాసన వచ్చింది.

దిగలేదు. ఊళ్లో ఉన్నది మా పెద్దన్న ఒక్కడే. నాకన్నా పన్నెండేళ్లు పెద్ద, రెండుసార్లు సర్పంచిగా చేశాడు. బాపు పోయాక ఇల్లు, భూమి, ఊరి పెద్దరికం ఆయనే చూసుకున్నాడు. చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకొని జాతరకు తీసుకుపోయింది ఆయనే. బాపు కొట్టిన రోజు నా వీపుకు పసుపు, నువ్వుల నూనె రాసిందీ ఆయనే. ఇంటికి పోతే రెండు రోజులు కదలనివ్వడు, నా పని ఆగిపోతుంది అనుకున్నాను. అంతకు మించి ఏమీ అనుకోలేదు.

మానుకోట

ఊరి మొదట్లోనే ఆపేశారు. రోడ్డు మీద వంటా వార్పు. రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిలు, పెద్ద పెద్ద గంజులు, వందలాది మంది. దారి ఇమ్మని అడిగాను. పెద్దమనిషివి, ఉత్తగ నిలబడుడెందుకు అని ఒక అమ్మాయి నా చేతిలో కత్తిపీట పెట్టింది. అయిదు కిలోల ఉల్లిగడ్డలు కోశాను. ఆఫీసులో నా బల్ల మీదికి ఎవరి పనీ తోయనివ్వని మనిషిని నేను. కానీ ఆ బువ్వ, ఆ టమాట చారు రోడ్డు మీద కూర్చొని తింటుంటే, చిన్నప్పుడు వనభోజనాల నాడు చెట్ల కింద తిన్నట్టే ఉంది. పక్కన కూర్చున్న హమాలీ నాకు రెండోసారి చారు పోయించి, ఏ ఊరని కూడా అడగలేదు.

ఎల్లక్క ఇల్లు స్టేషను దగ్గర. అంగన్‌వాడీలో ఆయాగా చేసి మానుకుంది. భర్త లేడు, మా యాకయ్య కూడా లేడు, నాలుగేళ్ల కిందట పోయాడు. నేను వెళ్లేసరికి తంగేడు పూలు ముందేసుకొని బతుకమ్మ పేరుస్తోంది. ఆ ఏడు ఆడవాళ్లు బతుకమ్మలు తెచ్చి పట్టాల పక్కనే ఆడుతున్నారు. నన్ను చూసి లేవలేదు.

"యాకయ్య సచ్చిపోయినప్పుడు రానోనివి, బతుకమ్మకు వచ్చినవా?"

తప్పు నాదే. కార్డు ఆలస్యంగా అందిందని చెప్పబోయి ఊరుకున్నాను. ఆమె సర్వపిండి రొట్టె పెట్టింది, తీపి మలీద ముద్ద పెట్టింది. సర్వపిండి అడుగున మాడిన పెచ్చు కోసం మేం నలుగురం కొట్టుకునేవాళ్లం. ఇప్పుడు అడగకుండానే ఆ పెచ్చు నా పళ్లెంలోనే వేసింది. హన్మకొండలో మా కోడలు చేసే సర్వపిండికి మాడిన పెచ్చు ఉండదు, నూనె పట్టని గిన్నెలో చేస్తుంది.

తిన్నాక అడిగాను. ఆ రోజు సత్తయ్య కూడా అన్నానికి వచ్చాడా?

"రాక? నలుగురిని వరుసగ కూసోబెట్టి పెట్టిన. బెల్లం, నెయ్యి ఏసి పెట్టిన, యాది లేదా?"

ఎందుకు గుర్తు లేదు? నా బతుకులో అంత రుచిగా మళ్లీ తినలేదు. పండుగ పూటే అయినా వాళ్లింట్లో నెయ్యి ఉండేది కాదు. ఎక్కడిదో నేను ఎన్నడూ ఆలోచించలేదు. సత్తయ్య నా తర్వాత వచ్చి పక్కన కూర్చున్నాడన్న సంగతి కూడా, ఆమె చెప్పాకే కళ్లముందుకు వచ్చింది.

"నెయ్యి మీ ఇంటిదే," అంది ఎల్లక్క పూలు సర్దుతూ. "మీ పెద్దన్న తెచ్చిచ్చిండు. పోరగాండ్లు పొద్దుగాల సంది తిండి లేక తిరుగుతున్నరు, పిలిచి పెట్టు ఎల్లవ్వా, కుప్పకాడ నేనుంట అన్నడు. పటేలు కొడుకు మా గుమ్మంల నిలవడి అడిగిండని మా అవ్వ మురిసింది. సత్తిగాన్ని గూడ ఆయినెనే తోలిచ్చిండు."

ఇదివరకు ఎందుకు చెప్పలేదని అడిగాను. గొంతు లేచింది. ఆమె నా వైపు నిదానంగా చూసింది. నువ్వు అడిగితే గదా బిడ్డా అంది. నలభై ఎనిమిదేళ్లలో ఆమెను నేను ఒక్క మాటా అడగలేదు. అందరి మీదా కోపం పెట్టుకున్నాను కానీ ఎవరినీ అడగలేదు.

పుస్తకంలో "పెద్దలు చెప్పగా" అని రాశారని మొదట్లోనే చెప్పాను. ఆనాటి సంగతి చెప్పగల పెద్దలు ఊళ్లో ఇంకెందరున్నారు? వేళ్ల మీద లెక్కపెట్టాను. ఒకటో వేలు దాటలేదు.

కొత్తగూడ

వెనక్కి పోదామనుకున్నాను. సమ్మెలో అటువైపు బండి దొరకలేదు, కొత్తగూడ వైపు దొరికింది. బాలు బొగ్గుబావిలో పనిచేసే భూపాలపల్లికి కూడా అటే దారి అని ఎల్లక్క చెప్పింది, దొరికిన బండి ఎక్కాను.

అడవి మొదలయ్యేసరికి వాన. జీపు పైకప్పు చిల్లులోంచి సరిగ్గా నా మెడ మీదే కారింది. జాగా మారమంటే ఎవరూ మారలేదు. కొత్తగూడలో టీ అయిదు రూపాయలు, పాలు తక్కువ, అల్లం ఎక్కువ. టీ కొట్టు పక్కన ఒక ముసలామె కాల్చిన మక్కకంకులు అమ్ముతోంది. కంకికి ఉప్పుకారం రాయమంటే, మా దగ్గర అట్ల తినరు, ఉత్తగ తినుండ్రి, తీపి తెలుస్తది అంది. తిన్నాను. తెలిసింది.

ఆమె కొడుకులు పోడు సేద్యం చేస్తారట. అడవి నరికి, కాల్చి, విత్తడం. మీరు మొదటి నుంచీ ఇక్కడివాళ్లేనా అని మాటవరసకు అడిగాను. కాదట. పాలకుర్తి వైపు తండాల నుంచి కూడా ఒకప్పుడు చాలామంది వచ్చి ఇక్కడ చుట్టాల దగ్గర తలదాచుకున్నారట. ఒకాయన మోట పాటలు బాగా పాడేవాడు, ఇక్కడ బావి లేదు మోట లేదు, ఊరికే చెట్టు కింద కూర్చొని పాడేవాడు అంది. పేరు అడిగాను. పేరు ఆమెకు గుర్తు లేదు. నేను ఆ కంకి పూర్తిగా తినలేకపోయాను.

భూపాలపల్లి

బాలు మీద నాకు ఇంకో ఫిర్యాదు ఉండేది. ఇరవై ఏళ్ల కిందట హన్మకొండ బస్టాండులో ఎదురుపడ్డాడు. నేను చెయ్యి ఎత్తాను. చూశాడు, చూసి మొహం తిప్పుకొని ములుగు బస్సెక్కాడు. ఎత్తిన చెయ్యి దించడానికి ఎంతసేపు పట్టిందో నాకే తెలుసు.

బొగ్గుబావుల కాలనీలో అడుగుతూ అడుగుతూ వాడి క్వార్టరు చేరాను. సమ్మె శిబిరం నుంచి అప్పుడే వచ్చాడు. జుట్టంతా తెల్లబడింది, కనురెప్పల అంచుల్లో మాత్రం నలుపు, కాటుక పెట్టుకున్నట్టు. బొగ్గు అది, కడిగితే పోదట. గుర్తుపట్టాడు. లోపలికి చూసి భార్యకు వాళ్ల భాషలో ఏదో చెప్పాడు. ఆమె నవ్వింది. ఏమన్నావని అడిగితే, బెండ్ల కట్ట లేకుంటె మునిగిపోయేటోడు వచ్చిండన్న అన్నాడు.

ఆమె జొన్నరొట్టె, వెల్లుల్లి కారం పెట్టింది. రొట్టెలు చేత్తో కొట్టినవి. మధ్యాహ్నం ఎండ పడ్డ వాకిట్లో ఇద్దరం కూర్చొని తిన్నాం. ఒక గంట మేం గిరక ఊసు ఎత్తలేదు. తాటిముంజల బండి గురించి మాట్లాడుకున్నాం. బడిలో సారు గోడకు తగిలించిన బెత్తాన్ని యాకయ్య మేకకు మేత వేసిన సంగతి మాట్లాడుకున్నాం. బాలు నవ్వితే ముందు పన్ను సగం విరిగి కనిపిస్తుంది, అది వాళ్ల బావి మెట్టు మీద నేను తోస్తే విరిగింది. ఆ గంటను ఎవరైనా తిరిగి ఇస్తామంటే నా పింఛను కాగితాలు రాసిచ్చేస్తాను.

తర్వాత పుస్తకం ఇచ్చాను. చదివి మూసి, మోకాలి మీద పెట్టుకున్నాడు.

"నువ్వు ఎయ్యలేదు. నాకెరుకే. మా బాకు గూడ ఎరుకే." వాళ్లు తండ్రిని బా అంటారు, తల్లిని యాడి అంటారు. "మా యాడి బాయికాడ గడ్డి కోస్తాంది ఆ పొద్దు. మీ అన్న బండి మీద కంప ఏసుకొని పోతాంటె సూసింది. కంప కింద ఏమున్నదో తెల్లారినంకనే ఎరుకయింది."

మరి ఎందుకు చెప్పలేదు, ఊళ్లో పంచాయితీ పెట్టవలసింది కదా అన్నాను. గుమస్తాను కదా, నాకు వెంటనే ఫిర్యాదే తోస్తుంది.

"ఎవ్వరికి జెప్పాలె? పటేలు కొడుకు మీద పటేలు కాడ్నా? అయినా కాముని కుప్ప మీద పడ్డది అడుగరాదు గదా. అది ఎరికయ్యే చేసిండు మీ అన్న. వట్టిగ దొంగతనం జేస్తె అడుగుతుంటిమి." రొట్టె ముక్క తుంచి, తినకుండా పళ్లెంలో పెట్టాడు. "ఇంకోటి. ఆ ఏడు నిప్పు పెట్టే వంతు నాది. యాదున్నదా? మా బా గిరకకు నేనే నిప్పు పెట్టిన. పెట్టి ఎగిరిన."

నాకు గుర్తుంది. వరిగడ్డి చుట్ట అంటించి ముందుగా విసిరింది వాడే. మేం చప్పట్లు కొట్టాం.

తర్వాతది తొందరగా చెప్పాడు. పంట ఎండాక వాళ్లు కొత్తగూడ అడవికి, మేనత్త వాళ్ల దగ్గరికి పోయారు. ఏడాదిన్నరకు తిరిగొస్తే చెల్కలో మా నాగలి నడుస్తోంది. బావికి మా మోట. ఇడిసిపెట్టిపోయిన్రు గదా, పడావు పడి బీడైతదని దున్నుతున్నం అన్నాడట మా అన్న. సోమ్లా దగ్గర కాగితం లేదు. తర్వాత బాలు బొగ్గుబావిలో పనికి చేరాడు. సోమ్లా ఇక్కడే, ఈ క్వార్టరులోనే పోయాడు.

బస్టాండు సంగతి కూడా అడిగాను. అడగకుండా ఉండలేను.

"నువ్వేమన్న అడుగుతవని కాదురా మొకం తిప్పుకున్నది. నేను అడుగుతనేమోనని."

వాకిట్లోకి శిబిరం మైకు మాటలు వినిపిస్తున్నాయి. మన నీళ్లు, మన నిధులు అని ఎవరో అరుస్తున్నారు. బాలు అటు చెవి పెట్టి విన్నాడు.

"పొద్దున సంది నేను గూడ అదే అంటున్న, మన నీళ్లు మనకు గావాలె అని. నిజంగనే అంటున్న. మద్దెల మద్దెల మా బాయి యాదికొస్తది." పుస్తకం తిరిగి నా చేతిలో పెట్టాడు. "నీ పేరు మంచిగ జేసుకునేటందుకు ఇంత దూరం వచ్చినవు. మంచిదే. మా బాయి పేరు గూడ ఎత్తుతవా?"

ఎత్తుతానన్నాను. అందుకే ఇదంతా రాస్తున్నాను.

తిరిగి వచ్చాక

మా అన్నకు ఉత్తరం రాశాను, అందినట్టు సంతకం చేసి పంపే కార్డు జతచేసి. వారానికి కార్డు తిరిగొచ్చింది. మీద ఆయన సంతకం, ఎప్పటిలాగే చివర కొక్కెంతో. ఉత్తరానికి జవాబు లేదు. ఫోను చేస్తే వదిన తీసి, ఆయన పాలకుర్తిలో దీక్షలో కూర్చున్నారని చెప్పింది. దీక్ష అయిపోయింది. దసరా అయిపోయింది. సమ్మె కూడా అయిపోయింది.

నా చేతులు శుభ్రంగా ఉన్నాయని అనడం లేదు. పంపకాలప్పుడు ఆ బావి, చెల్క అన్న వాటాకు పోయాయి. దానికి సరిపడా నాకు వేరే చోట మడి ఇచ్చారు. అది అమ్మి హన్మకొండలో ఇల్లు కట్టాను. ఈ వ్యాసం రాస్తున్న వరండా అందులోదే. కాబట్టి బాలుకు జవాబు చెప్పవలసినవాళ్లలో నేనూ ఉన్నాను. నా వంతుగా ఏం చేయగలనో బాలుతో మాట్లాడుతున్నాను, అది మా ఇద్దరి మధ్య తేలుతుంది.

మిగిలింది నీ వంతు, అన్నా. పుస్తకం వేసిన పిల్లల మీద నాకు కోపం పోయింది. వాళ్లు నువ్వు చెప్పింది రాశారు. పద్దెనిమిదో పేజీ మార్చమని నువ్వే వాళ్లకు చెప్పాలి. సోమ్లా చెల్క నీ పేరు మీదికి ఎట్లా వచ్చిందో నువ్వే బాలు ఎదుట నిలబడి చెప్పాలి. ఇవి రెండూ ఊరందరి కోసం అడుగుతున్నాను.

మూడోది నా ఒక్కడి కోసం. బాపు నన్ను పశువుల కొట్టం గుంజకు కట్టి కొట్టిన రోజు, నువ్వు గుమ్మంలో నిలబడి చూశావు. ఆ తర్వాతే వీపుకు నూనె రాశావు. బాపు నిజం తెలియక కొట్టాడా, తెలిసీ కొట్టాడా? ఆయన లేడు, అమ్మ లేదు, ఈ మాట చెప్పగలిగినవాడివి నువ్వొక్కడివే. నీకు డెబ్బై, నాకు యాభై ఎనిమిది. ఈసారి సంతకం పెట్టిన కార్డు పంపకు. జవాబు చెప్పు.